మంట రంగు తప్పిన రోజు

బట్టీ దగ్గర ఇరవై ఆరేళ్లు నిలబడ్డ మనిషికి మంట రంగు తప్పితే తెలియకుండా ఉండదు. ఆమెకు తెలిసింది. తెలిసీ నోరు మెదపలేదు. ఆ తర్వాత నెల రోజులు ఆమె పడ్డ భయమంతా ఆ ఒక్క పూట మౌనంలోంచి పుట్టిందే.

ఆమెను కార్ఖానాలో అందరూ వదిన అనేవాళ్లు. నిజానికి అలా పిలవాల్సినవాడు ఒక్కడే, ఆమె మరిది. అతను తాపీమేస్త్రీ. బస్తాల కోసం వచ్చినప్పుడల్లా గేటు దగ్గర్నుంచే "వదినా!" అని కేకేసేవాడు. ఆ కేక వినీ వినీ మిల్లు తిప్పేవాడూ, లారీ డ్రైవరూ, చివరికి ఆమెకంటే పదేళ్లు పెద్దవాడైన వాచ్‌మనూ అదే పిలుపు పట్టుకున్నారు. "అందరికీ ఉమ్మడి వదిననై కూచున్నాను" అని ఆమె నవ్వేది.

భర్త పోయి తొమ్మిదేళ్లు. ఇంట్లో ఉండేది ముగ్గురు: ఆమె, మరిది, ఎనభై దాటిన అత్తగారు. మరిదికి ముప్ఫై ఎనిమిది నిండాయి గానీ పెళ్లి మాటెత్తనివ్వడు. ఎత్తితే, "తాపీ నా చేతిలో ఉన్నంతసేపూ చెప్పినట్టు వింటుంది. పెళ్లాం వింటుందని ఏంటి గ్యారంటీ?" అంటాడు. ఆమె కాపురానికి వచ్చేనాటికి అతనికి ఏడేళ్లు. ఆ రోజుల్లో అత్తగారు మంచం పట్టి ఉండేది. వాడికి తలంటి, జ్వరమొస్తే పక్కన కూచుని, బడి ఎగ్గొడితే చెవి మెలిపెట్టి పెంచింది ఈమే.

కార్ఖానాలో చేసే పని చెప్పడానికి చిన్నదే. ఎన్ని వేల ఏళ్ల కిందటో ఎండిపోయిన సరస్సు ఒకటి అక్కడికి కొంత దూరంలో ఉంది. దాని అడుగున మనిషెత్తు మందాన తెల్లమన్ను. కంటికి ఆనని నాచుమొక్కలు చచ్చిపోతే, వాటి గాజులాంటి గుల్లలు పేరుకుని అయిన మన్ను. గడ్డ చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు. నాలుక్కి తగిలిస్తే అంటుకుపోతుంది. దాన్ని తవ్వి తెచ్చి, బట్టీలో కాల్చి, మిల్లులో పిండి చేసి బస్తాలకెత్తుతారు. సిమెంటు మూడు పాళ్లు వాడే చోట ఒక పాలు తగ్గించి ఆ పిండి కలుపుతారు. కాల్చిన మన్ను సిమెంటులోంచి ఊరే సున్నాన్ని తాగి, దానితో పాటు రాయవుతుంది. కాకపోతే నిదానం. "సిమెంటుది గుర్రప్పరుగు, మన మన్నుది పిల్లనడక. ఎటొచ్చీ రెండూ ఒకే చోటికి చేరతాయి" అని మరిది కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లకి చెబుతుండేవాడు. "మా వదిన కాల్చిన మన్ను" అని కూడా కలిపేవాడు. ఆ మాటే అతనికి పూచీ.

కిటుకంతా కాల్పులోనే ఉంది. తక్కువ కాలితే మన్ను పచ్చిగా ఉండిపోతుంది. ఎక్కువ కాలితే చచ్చిపోతుంది. బట్టీ దగ్గర చావు అనే అంటారు. గుల్లలు ముడుచుకుని గట్టిపడిపోతాయి, ఇక సున్నంతో పొత్తు కుదరదు. కలిపితే సిమెంటు మధ్య ఉత్త దుమ్ములా పడి ఉంటాయి. పిండి చేశాక ఏదైనా తెల్లగానే ఉంటుంది. ఏది బతికిందో ఏది చచ్చిందో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

బట్టీ గోడలో వేలెడంత కంత ఉంటుంది. దానికి నల్ల అద్దం అడ్డం పెట్టుకుని మంట చూడటం ఆమె పని. ఎరుపు దాటి నారింజకు తిరగగానే గాలి తగ్గించాలి. ఇన్నేళ్లూ కంటితోనే నడిపింది. రెండేళ్ల కింద ఓనరు గోడకు వేడి కొలిచే మీటరు పెట్టించాడు. కిందటి వేసవిలో ఒకసారి మీటరు ఒకటి చెబుతుంటే ఆమె కన్ను ఇంకొకటి చెప్పింది. కంటినే నమ్మి గాలి తగ్గించింది. ఆ రోజు సరుకంతా పచ్చిగా తేలింది. ఓనరు పదిమంది ముందూ ఆమెను పిలిచి, "వయసు మీద పడితే కళ్లకి కూడా పడుతుందమ్మా. ఇకమీదట నీ కన్ను కాదు, మీటరు. అర్థమైందా?" అన్నాడు. మిల్లువాడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు ఆమె లోపల ముల్లులా దిగిపోయింది.

అందుకే ఆ రోజు, కంతలోంచి చూస్తే మంట నారింజ దాటి నిమ్మపండు పసుపులోకి వెళ్లిపోతున్నా, మీటరు ముల్లు ఉండాల్సిన చోటే ఉండటంతో ఆమె చెయ్యి ఆగిపోయింది. రెండుసార్లు గాలి చక్రం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. పసుపే. మీటరు మాత్రం అంతా బాగుందంటోంది. 'నా కళ్లే అయ్యుంటాయి' అనుకుంది. అనుకున్నది నమ్మలేదు. నమ్మినట్టు నిలబడింది.

చల్లారాక గడ్డలు తీస్తే ఒకదానికొకటి తగిలి ఖణేల్‌మన్నాయి. సరిగ్గా కాలిన మన్ను అలా మోగదు, మెత్తగా నలుగుతుంది. గేటు దగ్గర లారీ హారను కొడుతోంది. గడ్డలు మిల్లులోకి వెళ్లాయి, బస్తాలయ్యాయి, లారీ ఎక్కాయి.

మర్నాడు కరెంటు పనివాడు మామూలు తనిఖీకి వచ్చి మీటరు మూత తీశాడు. లోపల తీగ మాడిపోయి ఉంది. కొత్త తీగ వేయగానే ముల్లు ఎగిరి గంతేసింది. "ఎన్నాళ్లనుంచి ఇరుక్కుపోయిందో, ఉన్న చోటే ఉండిపోయింది" అన్నాడు అతను తాపీగా, స్క్రూలు బిగిస్తూ. ఆమె గోడ పట్టుకుని నిలబడింది.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఓనరు గది పది అడుగుల దూరంలో ఉంది, తలుపు తెరిచే ఉంది. 'కళ్లకి కనపడితే ఎందుకు ఆపలేదు?' అని అడుగుతాడు. ఏం చెబుతుంది? ఏ చిన్న అరుగుకో, ప్రహరీకో పోయి ఉంటుందిలే అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

సాయంత్రం మరిది ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుంటూ చెప్పాడు. "బడి భోజనాల హాలు స్లాబు ఇవాళ పోసేశాం వదినా. పొద్దున పాత బస్తాలు సరిపోయాయి. మధ్యాహ్నం పడమటి సగానికి మీ లారీ టైముకొచ్చింది, బతికిపోయాం."

ఆమె చేతిలో గిన్నె జారి రాయి మీద పడింది. "చేతులకి వెన్న రాసుకున్నావా ఏంటే?" అని అత్తగారు లోపల్నుంచి కేకేసింది. ఆమె వంగి గిన్నె తీసింది గానీ లేవడానికి చాలాసేపు పట్టింది.

మూడువందల మంది పిల్లలు కూచుని తినే హాలు అది.

ఏడో రోజున పరీక్ష దిమ్మలు పగలగొట్టారు. పోసిన రోజునే కలిపిన కాంక్రీటు మాలులోంచి కొంచెం తీసి పెట్టెల్లో పోసి దాచిన దిమ్మలు అవి. బలం తక్కువ చూపించాయి. మరిది లెక్కచేయలేదు. "పిల్లనడక కదా. ఇరవై ఎనిమిదో రోజుకి చూడు" అని నవ్వాడు. ఆమెకు ఆ నవ్వు చూడబుద్ధి కాలేదు.

కాల్చిన ప్రతిరోజూ ఒక గుప్పెడు పిండి సీసాలో పోసి, మీద తేదీ రాసి అటక మీద పెట్టడం ఆమెకు అలవాటు. మర్నాడు మూడు సీసాలు ఇంటికి తెచ్చింది: మంట రంగు తప్పిన రోజుకి ముందుది, ఆ రోజుది, తర్వాతి రోజుది. ఒక్కో పిండిలో తడి సున్నం కలిపి, రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దవి, మూడు బిళ్ళలు చేసింది. వాటి వీపు మీద పుల్లతో ఒకటి, రెండు, మూడు గీతలు గీసింది. రెండు రోజులు తడిగుడ్డలో ఉంచి, తర్వాత పాత గిన్నెలో నీళ్లు పోసి అందులో వేసి, పొయ్యి పక్కన వెచ్చగా ఉండే మూలకు తోసింది. బతికిన మన్నయితే నీళ్లలోనే రాయవుతుంది. చచ్చినదైతే అవ్వదు. పదిరోజులు చాలు.

పదిరోజులయ్యాయి. ఆమె ఆ గిన్నెవైపు చూడలేదు. పన్నెండయ్యాయి. ఊడ్చేటప్పుడు చీపురు ఆ మూలకు రాకుండా తిప్పేది. తీసి చూస్తే తెలిసిపోతుంది. తెలిసిపోతే చెప్పాలి. చూడనంత కాలం రెండో బిళ్ళ రాయి అయ్యుండొచ్చు కూడా. మంటను అంచనా కట్టిన ఆ కళ్లు గిన్నెడు నీళ్లలోకి చూడటానికి జంకాయి.

ఆ రోజుల్లో ఆమెకు కప్పులంటే భయం పట్టుకుంది. కూచుని తింటున్నా తల పైకెత్తి చూసేది. పక్కింటివాళ్లు డాబా మీద మంచం జరిపితే ఉలిక్కిపడేది. కార్ఖానాకు పోయే దారిలో ఆ బడి ఉంది. దాని ముందునుంచి నడవలేక వెనక సందులోంచి తిరిగి పోయేది. ఒకరోజు సందులోంచి కూడా పిల్లల అరుపులు వినిపించాయి. ఆటలో అరుస్తున్నారు, అంతే. ఆమె చెవులు మూసుకుని దాదాపు పరిగెత్తింది.

"ముద్ద దిగట్లేదేంటే?" అనేది అత్తగారు. "కడుపులో పాముందా?"

"ఏం లేదత్తయ్యా."

"లేకపోతే తిను. ఉంటే కక్కు."

ఇరవై ఏడో రోజు సాయంత్రం. రేపు సెంట్రింగ్ విప్పుతారు. అంటే స్లాబు కింద చెక్కలూ, వాటిని ఎత్తిపట్టిన ఇనుప జాకీలూ తీసేస్తారు. దిమ్మల పరీక్ష ఒకరోజు ముందే చేయించారు, నెగ్గాయి. మరిది హుషారుగా ఉన్నాడు. "చెప్పానా పిల్లనడక అని? ఇంజినీరమ్మ కాగితం మీద సంతకం కూడా పెట్టేసింది" అన్నాడు.

"దిమ్మలు ఏ మాలుతో పోశారు?" అని అడిగింది ఆమె.

"పొద్దున మొదటి మాలుతోనే. ఎప్పుడూ అంతేగా. ఏం?"

పొద్దున మాలు అంటే పాత బస్తాలు, మంచి మన్ను. పడమటి సగాన్ని ఎవరూ పరీక్ష చేయలేదు. కాగితం మంచి సగం గురించి మాట్లాడుతోంది.

అప్పుడే పెరట్లోంచి అత్తగారి గొంతు. "ఏమే, ఈ కాళ్లు తోముకునే రాళ్లు ఎక్కడ కొన్నావు? రెండు బ్రహ్మాండంగా ఉన్నాయి, మడమల్లో పగుళ్లన్నీ పోయాయి. మూడోది మోసమే! చేత్తో పట్టుకోగానే పెరుగైపోయింది. కొట్టువాడికి తిరిగిచ్చెయ్."

ఆమె పెరట్లోకి పరుగెత్తింది. ముసలావిడ బండ మీద కూచుని ఉంది. పక్కన పాత గిన్నె ఖాళీగా ఉంది. బండ మీద రెండు బిళ్ళలు రాళ్లలా మెరుస్తున్నాయి, ఒక గీతది ఒకటి, మూడు గీతలది ఒకటి. అత్తగారి అరచేతిలో తెల్లటి ముద్ద నీళ్లతో కలిసి వేళ్ల సందుల్లోంచి కారిపోతోంది.

వెనకాలే వచ్చిన మరిది నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు. "ఏంటి వదినా ఇది?"

చెప్పింది. మంట రంగు దగ్గర మొదలుపెట్టి, ఖణేల్‌మన్న గడ్డలు, మాడిన తీగ, లారీ హారను, అన్నీ చెప్పింది. ఇరవై ఏడు రోజులు గొంతులో అడ్డుపడ్డ మాటలు ఒక్కసారి బయటికొచ్చేసరికి వరస కూడా తప్పలేదు.

అతను చాలా నెమ్మదిగా అడిగాడు. "ఇప్పుడా చెప్పేది?"

"తప్పే."

"కాగితం ఉంది. దిమ్మలు నెగ్గాయి. రేపు నేను వెళ్లి, మా అమ్మ కాళ్లు తోముకున్న బిళ్ళ ఒకటి కరిగిపోయింది, స్లాబు పగలగొట్టండి అని చెప్పాలా? ఆ ముక్కతో నా పేరు పోతుంది. ఇరవై ఏళ్ల పేరు. నీ మన్ను అని ఊరంతా చెప్పుకు తిరిగిన వెధవని నేను."

"అబ్బాయ్, పిల్లలు కూచునే చోటు..."

"తెలుసు!" అని అరిచాడు. ఆమె మీద అతను గొంతు పెంచడం అదే మొదటిసారి. చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆమె కంచం పెట్టి ఎదురుచూసింది. చాలా ఆలస్యంగా వచ్చి, తినకుండానే పడుకున్నాడు.

పొద్దున ఆమె లేచేసరికి అతని మంచం ఖాళీగా ఉంది. తాపీ సంచి కూడా లేదు. ఎనిమిదింటికి విప్పాల్సిన సెంట్రింగ్‌కి ఆరింటికే ఎందుకు వెళ్లాడు? ఆలోచన తెగకముందే ఆమె వీధిలో ఉంది. ఈసారి సందులోంచి కాదు, నేరుగా వెళ్లింది.

బడి ఆవరణలో ఆరుగురు కూలీలు వేపపుల్లలు నములుతూ హాలు బయట నిలబడి ఉన్నారు. "మేస్త్రీ మమ్మల్ని లోపలికి రావద్దన్నాడు. ఒక్కడే విప్పుతానన్నాడు. తిక్కరేగినట్టుంది, వదినా, పొద్దున్నే" అన్నాడు అందులో పెద్దవాడు.

"ఏ వైపునుంచి?"

"పడమటి వైపు."

ఆమెకు అప్పుడర్థమైంది. అతను ఆమె మాట నమ్మాడు. నమ్మాడు కాబట్టే కూలీల్ని బయట పెట్టాడు. ఆ మాట అబద్ధమని తేల్చడానికి తన తల ఒక్కటే పందెం పెట్టాడు.

"ఇంజినీరమ్మకి ఫోను చెయ్యి. వెంటనే రమ్మను" అని లోపలికి వెళ్లింది. "వదినా, వద్దు!" అని ఎవరో అరిచారు.

హాలంతా జాకీల అడవిలా ఉంది. తూర్పున చిక్కగా, పడమట పలచగా. వెలుతురు కిటికీ కంతల్లోంచి పడుతోంది. అతను పడమటి గోడకు మూడు వరసల ఇవతల నిలబడి ఉన్నాడు. చుట్టూ నేలమీద తీసేసిన జాకీలు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. ఆమె లెక్కపెట్టింది. ఏడు. అక్కడ చెక్కలు ఊడి స్లాబు అడుగు బూడిదరంగులో బోసిగా కనపడుతోంది.

"బయటికి పో" అన్నాడు తిరగకుండానే. "చూడు, ఏడు తీశాను. ఏమన్నా అయిందా?"

ఆమె జవాబు చెప్పేలోపు పైనుంచి చప్పుడైంది. పెద్ద చప్పుడు కాదు. ఎండుపుల్ల విరిచినట్టు, టిక్‌మని. తర్వాత సన్నటి దుమ్ము, పిండి జల్లించినట్టు అతని భుజాల మీద పడింది. బోసి స్లాబు మధ్యలో వెంట్రుకంత గీత కనపడింది. వాళ్లు చూస్తుండగానే అది రెండు జానలు సాగింది. అతని పక్కనున్న జాకీ మూలిగింది. బరువంతా దాని మీదికి జరుగుతోంది. దాని గొట్టం వంపు తిరగడం కళ్లకు కనిపిస్తోంది.

అతను కదల్లేదు. చేతిలో సుత్తి అలాగే ఉంది. నోరు తెరుచుకుంది, మాట లేదు. ఇరవై ఏళ్లు స్లాబులు పోసినవాడు బిగుసుకుపోయి తలపైకెత్తి చూస్తూ నిలబడ్డాడు. ఏడేళ్లప్పుడు కుక్క తరిమితే వీధి మధ్యలో ఇలాగే నిలబడిపోయాడు, పరిగెత్తడం కూడా మర్చిపోయి.

ఆమె చేతులు కదిలాయి. కిందపడ్డ జాకీ ఒకటి ఎత్తి గీత కింద నిలబెట్టింది. దాని బరువుకు మోకాళ్లు వంగాయి. తలమీద చెక్క లేకపోతే స్లాబుకి గుచ్చుకుంటుందని గుర్తొచ్చి ఒక పలక అందుకుంది.

"ఒరేయ్!" అని అరిచింది. చిన్నప్పుడు తప్ప అతన్ని అలా పిలవలేదు. "పలక పట్టుకో! పైకెత్తు!"

అతను ఉలిక్కిపడి చూశాడు. సుత్తి వదిలేశాడు. పలక పైకెత్తి పట్టుకున్నాడు. ఆమె జాకీ మర తిప్పింది. తుప్పు పట్టి తిరగనంటోంది. అరచేతి తోలు ఊడివచ్చింది. తిప్పింది. పలక స్లాబుకి ఆని కిర్రుమంది. "ఇంకోటి" అన్నాడు అతను, మాట తిరిగొచ్చి. ఇంకోటి నిలబెట్టారు. మూడోది పెడుతుంటే మళ్లీ టిక్‌మంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. దుమ్ము రాలింది. ఆగింది. నాలుగు, అయిదు. ఎవరేం చెయ్యాలో చెప్పుకోలేదు. ఏడూ బిగించాక అతను ఆమె రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. ఎండలోకి రాగానే ఇద్దరూ ఇసుక కుప్ప మీద కూలబడ్డారు. ఆమె పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఎంత బిగించినా ఆగలేదు.

ఇంజినీరమ్మ జుట్టు కూడా దువ్వుకోకుండా వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయి, సన్నగా, ఎప్పుడూ కంగారుగా ఉన్నట్టు కనపడే పిల్ల. ఆ పొద్దున మాత్రం కంగారు పడలేదు. వదిన చెప్పిందంతా ఒక్క ప్రశ్న వేయకుండా విన్నది. తర్వాత సంచిలోంచి స్ప్రింగు సుత్తి తీసింది. స్లాబుకి ఆనించి నొక్కితే ఎంత గట్టిదో అంకె చూపిస్తుంది అది. నిచ్చెనమీద గోడవారగా స్లాబు పైకెక్కి తూర్పునుంచి మొదలుపెట్టి ఒక్కో అడుగూ నొక్కుకుంటూ వచ్చింది. కింద అందరూ అంకెలు వింటున్నారు. ముప్ఫై రెండు. ముప్ఫై. ముప్ఫై ఒకటి. సగం దాటింది. ఇరవై. పంతొమ్మిది. పద్దెనిమిది. అక్కడ ఆగిపోయి, వచ్చిన అడుగుల్లోనే అడుగులేస్తూ వెనక్కి నడిచింది.

"ఎవరూ లోపలికి పోవద్దు. బడికి సెలవిప్పించండి" అంది కిందికి దిగి. "సంతకం పెట్టింది నేను" అంది, తనతో తనే అన్నట్టు.

మధ్యాహ్నానికి ఓనరు కారులో వచ్చాడు. వదినను పక్కకు పిలిచాడు. "చూడమ్మా, మీటరు మనకు సరిగానే చూపించింది. కార్ఖానా చిట్టాలో అదే ఉంది. కూలీలు మాలులో నీళ్లెక్కువ పోశారేమో ఎవరు చూడొచ్చారు? నువ్వు ఆ మాట అంటే చాలు. ఇరవై ఆరేళ్ల మనిషివి, నీ మాటకు విలువుంటుంది."

ఆమెకు అతనంటే భయమే. అప్పుడు కూడా ఉంది. అరచేతికి చుట్టుకున్న గుడ్డ చూసుకుంటూ చెప్పింది. "నీళ్లెక్కువ పోయలేదండీ. మన్ను చచ్చింది. నేను చూశాను. మీటరుకి కళ్లు లేవు, నాకున్నాయి. ఆ రోజు చెప్పకపోవడం నా తప్పు. ఇవాళ ఇంకో తప్పు చెయ్యలేను."

"అయితే రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు ఓనరు.

స్లాబు పడమటి సగాన్ని పదకొండు రోజులు పగలగొట్టారు. కింద ఊతాలు దట్టించి, పైనుంచి ఉలీ సమ్మెటా పెట్టి, గంపెడు గంపెడు దించారు. బట్టీ పోయింది కదా, ఆమె కూడా గంప ఎత్తింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని, ముక్కలు ఏరింది. కొన్ని ముక్కలు చేత్తో గట్టిగా నలిపితే అంచులు రాలేవి. మరిది నాలుగు రోజులు ఆమెతో పలకలేదు. అయిదో రోజు నీళ్ల చెంబు తెచ్చి ఆమె పక్కన పెట్టి కూచున్నాడు.

"నువ్వొచ్చావు కాబట్టి బతికున్నా. అది మర్చిపోను" అన్నాడు. చెంబు ఆమెవైపు జరిపి, "ఇరవై ఏడు రోజులు నా ముందు కంచం పెట్టి నోరు మూసుకున్నావు. అదీ మర్చిపోలేకపోతున్నా వదినా" అన్నాడు.

"మర్చిపోవద్దు" అంది ఆమె. చెంబెత్తి నీళ్లు తాగింది. ఇద్దరూ మళ్లీ గంపలందుకున్నారు.

హాలు మళ్లీ పోశారు. ఈసారి పూటపూటకీ దిమ్మలు తీశారు. అంతటితో అయిపోతుందని ఆమె అనుకుంది. కానీ పని ముగిసే రోజు ఇంజినీరమ్మ కార్ఖానా చిట్టా పట్టుకుని వచ్చింది. "ఆ రోజు కాల్చినవి ముప్ఫై ఎనిమిది బస్తాలు. ఇక్కడ వాడినవి ముప్ఫై. మిగతా ఎనిమిది?"

చిల్లరగా అమ్ముడుపోయాయి. ఎవరికో చిట్టాలో లేదు.

ఆ రోజునుంచి వదినా మరిదీ వీధులు పట్టారు. పని లేని పూటల్లో తిరిగేవాళ్లు. ఈ మధ్య ఏదైనా కట్టుకున్నవాళ్ల తలుపు తట్టి, బస్తా ఎక్కడ కొన్నారో, ఎప్పుడు కొన్నారో అడిగేవాళ్లు. కొందరు ముఖాన తలుపేశారు. ఒకడు దొంగలనుకుని కర్ర తెచ్చాడు. రెండు బస్తాలు ఒక గొడ్లపాకలో గచ్చయ్యాయి, ఇబ్బంది లేదు. రెండు ఇంకా విప్పకుండానే దొరికాయి, వాటిని గోతిలో పోయించారు. ఒకటి ప్రహరీలో, ఒకటి బావి చుట్టు గట్టులో తేలాయి. ఒక దర్జీ ఆవిడ ఇంట్లో మెట్ల కింది దూలం మీద మరిది సుత్తితో తడితే డొల్ల చప్పుడొచ్చింది. ఆ మెట్ల మీదే ఆవిడ మనవరాలు కూచుని జడేసుకుంటోంది. వదిన ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కిందికి దించి, తన పక్కన నేలమీద కూచోబెట్టుకుంది. ఆ దూలం పడగొట్టి మరిది తన చేతులతో మళ్లీ పోసిచ్చాడు.

ఏడు దొరికాయి. ఒకటి దొరకలేదు.

ఓనరు రెండు నెలలకు మనిషిని పంపాడు, బట్టీకి రమ్మని. బిళ్ళ పరీక్ష చేసి, అది రాయి అయ్యాకే బస్తా గేటు దాటాలంటే వస్తానంది. సరేనన్నారు. ఇప్పుడామె మీటరూ చూస్తుంది, కంతలోంచీ చూస్తుంది. రెండూ ఒకే మాట చెప్పినా గుండె దడ తగ్గదు.

"ఎందుకే ఆ తిరుగుడు? ఒక్క బస్తా ఏం చేస్తుంది?" అంటుంది అత్తగారు.

ఆమె సెలవు రోజున చెప్పులేసుకుని బయల్దేరుతుంది. కొత్తగా సున్నం కొట్టిన గోడ కనపడితే ఆగుతుంది. గుమ్మం ముందు నిలబడి, చీర కొంగు సర్దుకుని, పిలుస్తుంది: "ఎవరండీ లోపల? ఒక్క మాట అడిగి పోతాను. భయపడకండి."